మారియో అగ్నిరూపము: ఆటలో రంగు, చిత్రకథలో ధ్వని

జపాను బాలల చిత్రకథలలో వీరుడు ఒక వస్తువును తాకినంతనే వేఱు రూపము దాల్చి అధికబలము పొందుట సుప్రసిద్ధమైన కథాసంప్రదాయము. దీనిని జపానీయులు ‘హెన్‌షిన్’ అందురు. ‘హెన్’ అనగా మార్పు, ‘షిన్’ అనగా శరీరము. తెలుగున ‘రూపాంతరము’ చాలవఱకు సరిపోవును. వీడియో ఆటలనుండి పుట్టిన చిత్రకథలలో ఈ రూపాంతరమునకు ఒక చిక్కు కలదు. ఆటలో రంగుచే తెలియునది నలుపు తెలుపుల పుటలో దేనిచే తెలియవలెను? మారియో అగ్నిరూపమును పరిశీలించినచో ఈ చిక్కు స్పష్టపడును.

నింటెండో సంస్థ 1985 సెప్టెంబరు 13న జపానులో వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అను ఆటలో ఈ రూపము మొదట కానవచ్చినది. పొట్టివాడైన మారియో పుట్టగొడుగును తాకి పెద్దవాడగును. పెద్దవాడైన పిమ్మట అగ్నిపుష్పమును తాకి నిప్పుబంతులు విసరు శక్తిని పొందును. ఒకే పెట్టె పొట్టివానికి పుట్టగొడుగును, పెద్దవానికి పువ్వును ఇచ్చును. అధికారిభేదము నెఱిగిన పెట్టె యనవచ్చును! ఒక్కమాఱు తెరపై రెండు బంతులకు మించి ఉండవు. కుప్పా అను కూర్మరాక్షసుడు ఐదు బంతులకు కూలును. విశేష మేమనగా, మొదటి ఏడు లోకముల కోటలలో కుప్పాగా నిలుచువాడు మాయారూపి. వానిని గొడ్డలితో వంతెన తెంచి పడవేసినచో రహస్యము తెలియదు. నిప్పుబంతులతో కూల్చినప్పుడు మాత్రమే వాని నిజరూపము బయటపడును. అగ్ని ఇచట ఆయుధమేగాక పరీక్షయు నగుచున్నది.

ఇంతటి మార్పును ఆట చూపు విధము మిక్కిలి పొదుపైనది. ఆనాటి ఫామికామ్ యంత్రమున కదలు బొమ్మ యొక్క ఒక్కొక్క తునకకు మూడు రంగులే చెల్లును. అందుచే బొమ్మ గీతలను మార్పక రంగులను మాత్రము మార్చిరి. పువ్వు తాకగానే ఆట ఒక క్షణమాగును. మారియో దేహము పలురంగులు మాఱుచు మినుకుమినుకుమనును. పిదప టోపీయు దుస్తులును తెలుపుచాయ తాల్చును. రంగుచేతనే అన్ననుండి వేఱుపడు లూయిజీయు పువ్వును తాకి అదే తెలుపును పొందును. అప్పుడు రూపమును బట్టి అన్నదమ్ములను గుర్తింపరాదు. శత్రువు ఒక్కసారి సోకినచో అగ్నిశక్తితోబాటు పెద్ద దేహముకూడ పోయి, మారియో మరల పొట్టివాడగును.

సవాడా యుకియో 1990లో ‘కొరోకొరో కామిక్’ అను బాలల పత్రికలో ఆరంభించిన ‘సూపర్ మారియో కున్’ హాస్యప్రధానమైన చిత్రకథ. దాని సంపుటములు ఏబదికి మించినవి. ఇట్టి చిత్రకథల పుటలు చాలవఱకు నలుపు తెలుపులే. కాగితమే తెల్లనిదైనపుడు తెలుపు ప్రత్యేకచిహ్నము కాజాలదు. కావున రంగు మోసిన భారమును చుక్కల ఛాయలు, జ్వాలారేఖలు కొంతవఱకును, బొమ్మలో భాగముగా చేతితో గీయబడు ధ్వన్యనుకరణ పదములు అంతకంటె నెక్కువగాను మోయవలసివచ్చును.

భారతీయ భాషలవారికి ఆసక్తి కలిగించు చోటు ఇదియే. జపాను భాషలో మంట చెలరేగు తీరును ‘మెరమెర’ అందురు. ఇది శబ్దమును అనుకరించుటకంటె మంట యొక్క తీరును స్ఫురింపజేయును. తెలుగు ‘భగభగ’ వంటిది. ఇట్టి ద్విరుక్త పదములు ఆర్య ద్రావిడ భాషలు రెండింటికిని సామాన్యమైన లక్షణమని ఎమెనో 1969లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. ఆంగ్లమున ఇట్టి పదసమృద్ధి లేదు. కనుక జపాను పుటను ఆంగ్లము ద్వారమునగాక నేరుగా తెలుగు చేయువాడు ధన్యుడు. అయితే పదమును ఉన్నదున్నట్లు లిప్యంతరము చేసినచో ప్రమాదమే. తెలుగున ‘మెరమెర’ మనసులోని అసంతృప్తిని తెలుపును. పాఠకుడు మారియోకు పువ్వు నచ్చలేదని తలపోయును!

పేరు విషయమున ప్రలోభము వేఱు. ‘ఆగ్నేయాస్త్రము’ అను మాట నాలుకపై సిద్ధముగా నుండును. కాని అస్త్రము మంత్రముచే, గురువువలన లభించునది. దానిచే వీరుని దేహము మాఱదు. ఖాండవదహన సమయమున అగ్ని కోరికపై వరుణుడిచ్చిన గాండీవము మహాప్రస్థానము వఱకు అర్జునుని వీడలేదు. అగ్నియే మరల అడుగగా అర్జునుడు దానిని నీట విడిచెను. మారియో శక్తి ఒక తాబేలు తగిలినంత మాత్రమున పోవునది. ఆ అల్పత్వమే హాస్యమునకు మూలము. అస్త్రపదము వాడినచో నవ్వు నశించును. ‘నిప్పు మారియో’ అను తేలికమాటయే తగినది.

ఇక మిగులునది లిపి. ‘భగభగ’ లోని వంపులు జ్వాలాకృతికి చక్కగా ఒదుగును. కాని జపాను చిత్రకారుడు ధ్వనిపదమును తఱచుగా నిలువుగా దింపును. ఆ సన్నని గడిలో తెలుగు అక్షరములను ఒకదానిక్రింద ఒకటి పేర్చినచో క్రింది ఒత్తులు, పై గుడులు ఒండొంటిని తాకి చదువుట దుష్కరమగును. తెలుగు చేయువాడు ఆ గడిలోని మంటను కొంత చెరిపి మరల గీయించుకొనక తప్పదు.