సూర్యుని నుండి దీపము వరకు: శక్తి మారు రూపములు

హైదరాబాదు నగరములో హిమాయత్‌నగర్, నారాయణగూడలకు చేరువగా చిక్కడపల్లి యను పేట కలదు. అచటి నగర కేంద్ర గ్రంథాలయమునకు పల్లెలనుండి నగరము చేరిన యువతీయువకు లనేకులు పరీక్షలకై చదువుకొన వచ్చుచుందురు. ప్రొద్దు గ్రుంకిన పిదప వారి పుస్తకములపై దీపకాంతి పడును. ఆ కాంతి ఎచటినుండి వచ్చినది? మీట నొక్కగా వచ్చినదని చెప్పిన చాలదు. అది వచ్చిన దారిని పట్టుకొని వెనుకకు నడచినచో, శక్తి ధరించు రూపములు మన కొక్కొక్కటిగా ఎదురగును. పల్లెలలోని విద్యార్థులకు ఆ దారిని చూపుటయే మా యుద్దేశము.

శక్తి యననేమి? పని చేయగల సామర్థ్యమే శక్తి. ఎడ్లు నాగలి లాగుట, గాలి తూర్పారలో పొల్లు నెగురగొట్టుట, మంట కుండలోని నీటిని మరగించుట, ఇవన్నియు శక్తి చేయు పనులే. శక్తిని కొలుచు ప్రమాణమునకు జౌల్ అని పేరు. ఇంగ్లండు దేశీయుడైన జేమ్స్ జౌల్ 1840ల దశకములో నీటిలో తెడ్లను త్రిప్పించి, త్రిప్పుటకు వ్యయమైన పనికి తగినంతగానే నీరు వేడెక్కునని నిరూపించెను. ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తునకు తోడుటకు ఇంచుమించు 10 జౌళ్లు పట్టును. మన కరెంటు బిల్లులో ‘ఒక యూనిటు’ అని వ్రాయునది 36 లక్షల జౌళ్లు!

ఇక దీపపు దారిని పరికింతము. చిక్కడపల్లికి కొలదిదూరములోనే హుస్సేన్‌సాగర్ తీరమున 1920లో నిర్మింపబడిన విద్యుత్కేంద్ర మొకటి ఉండెడిది. నగరమునకు అనేక సంవత్సరములు వెలుగు నిచ్చిన ఆ కట్టడమును 1995లో తొలగించిరి. నేడు ఆ తావున ఉద్యానవనము కలదు. అది బొగ్గుతో నడచిన కేంద్రము. నేటి కొత్తగూడెము, రామగుండము కేంద్రములును ఆ విధమున నడచునవే.

బొగ్గులో శక్తి ఎట్లు చేరినది? గోదావరి లోయలో ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వము చెట్లు సూర్యకాంతిని గ్రహించి పెరిగినవి. కాంతిశక్తి వాటి దేహములలో రసాయనశక్తిగా నిలిచెను. ఆ చెట్లు నేలలో పూడి, నేటి సింగరేణి బొగ్గుగా మారినవి. బొగ్గును మండించినపుడు రసాయనశక్తి ఉష్ణశక్తి యగును. ఆ వేడికి నీరు ఆవిరియై, టర్బయిను రెక్కలను త్రిప్పును, అది చలనశక్తి. టర్బయినుతోపాటు జనరేటరు తిరుగగా విద్యుచ్ఛక్తి పుట్టును. తుదకు దీపములో అది మరల కాంతిశక్తి యగును. కాంతిగా బయలుదేరినది కాంతిగానే మన బల్లపైకి చేరినది.

రెండవ దారి నీటిది. సూర్యుని వేడికి సముద్రజలము ఆవిరియై, మేఘమై, కొండలపై వర్షించును. ఎత్తున నిలిచిన నీటిలో స్థితిజశక్తి దాగియుండును. శ్రీశైలమువద్ద కృష్ణాజలము క్రిందికి దూకునపుడు అది చలనశక్తిగా మారి యంత్రములను త్రిప్పును. అచటి ఎడమగట్టు కేంద్రములో ఒక్కొక్కటి 150 మెగావాట్ల శక్తిగల యంత్రము లారు కలవు. అవి కరెంటు మిగులుగా నున్న వేళ వెనుకకు తిరిగి, దిగువ నీటిని మరల పైకి తోడగలవు. ఇంటిమీది తొట్టిని రాత్రి నింపుకొని పగలు వాడుకొనుట వంటిదే ఇది.

మూడవ దారి దగ్గరిదారి. రామగుండము జలాశయముపై 2022లో పూర్తియైన 100 మెగావాట్ల తేలియాడు ఫలకములు సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చుచున్నవి. సూర్యునితో నిమిత్తము లేని దారియు నొకటి కలదు. అది యురేనియము వంటి లోహముల పరమాణుగర్భములో దాగిన శక్తి. దేశములోని అణువిద్యుత్కేంద్రములకు వలయు ఇంధనమును హైదరాబాదులో 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు తయారుచేయుచున్నది.

శక్తి పుట్టదు, నశింపదు. రూపము మాత్రము మార్చుకొనునని శాస్త్రము చెప్పుచున్నది. అట్లయిన పొదుపు చేయుట ఎందులకు? అని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. అది సరియైన ప్రశ్నయే. రూపము మారిన ప్రతిసారియు కొంత శక్తి వేడిగా, చప్పుడుగా గాలిలో కలియును. నశింపకున్నను అది మరల మన చేతికి రాదు. బొగ్గులోని శక్తిలో సుమారు మూడవవంతు మొదలు ఐదింట రెండువంతుల వరకే విద్యుత్తగును. ఒక యూనిటుకు అరకిలోకు పైగా బొగ్గు కాలిపోవును. కావున తీగ ఈ చివర మనము మిగిల్చిన యూనిటు, గని వద్ద అంతకు రెండు మూడు రెట్ల శక్తిని మిగిల్చినట్లే.

60 వాట్ల పాత తీగబల్బు ఒక యూనిటుతో పదునారు గంటలకు పైగా వెలుగును. అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము అదే యూనిటుతో నూటపదకొండు గంటలు వెలుగును. పాతబల్బును చేతితో తాకరాదని పెద్దలు హెచ్చరించుట మీరెరుగుదురు. ఆ మంటయే వృథాయైన శక్తి.

పొలములోను ఇదే న్యాయము. ఒక యూనిటు శక్తి పూర్తిగా పనికి వచ్చినచో 36 వేల లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తునకు తోడగలదు. సన్నని గొట్టము, అనవసరపు వంపులు, చెత్త పట్టిన ఫుట్‌వాల్వు అందులో పెద్దభాగమును హరించును. మోటారుకు తగిన కెపాసిటరు నమర్చినచో తీగలలో అదనపు కరెంటు తగ్గి, తీగలు వేడెక్కుటవలన కలుగు నష్టము తగ్గును. లైను తుదనున్న రైతుకు ఓల్టేజి నిలుచును. ఓల్టేజి పడిపోయి మోటారు కాలిన యింట పంటయు, ఒక్కొక్కసారి పిల్లల చదువును ఆగిపోవుట మనము చూచుచున్నదే.

నగరములోని చదువుదీపమును, పల్లెలోని నీటిమోటారును ఒకే తీగల వల కలిపియున్నది. ఒకచోట వృథాయైనది వేరొకచోట కొరత యగును. విద్యార్థులారా! నేటి సాయంకాలము మీ నాయనగారితో బావివద్దకు వెళ్లి, మోటారు గొట్టమునకు ఎన్ని వంపులున్నవో లెక్కించి రండు. శక్తిని గూర్చిన పాఠము అచటనే మొదలగును.