ఫోన్ అడిగే ప్రశ్న మన భాషలో ఉందా?

మన ఇళ్లలో ఫోన్ చదివేది ఎవరు? హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో నాయన తెలుగు చదువుతాడు. తమిళం ధారాళంగా మాట్లాడతాడు గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. బ్యాంకు మెసేజీ ఇంగ్లీషులో వస్తుంది, ప్రభుత్వ కబుర్లు తమిళంలో వస్తాయి, ఫోన్ తనంతట తాను అడిగే ప్రశ్నలు మళ్లీ ఇంగ్లీషులోనే. అందుకే ఫోన్ పిల్లవాడి చేతికి వస్తుంది. "ఏమొచ్చిందో చూడరా" అంటాం. వాడు చూస్తాడు, సగం చదువుతాడు, ఏది అడిగినా సరే అని నొక్కేసి తిరిగి చేతికిచ్చేస్తాడు. రాయగడ, షోలాపూరు, బళ్లారి తెలుగు ఇళ్లలో తమిళం స్థానంలో ఒడియా, మరాఠీ, కన్నడం వస్తాయేమో గానీ కథ ఇదే.

ఆ 'సరే' మీదే దొంగ యాప్‌లు బతుకుతున్నాయి. ఫోన్‌లోకి చొరబడే హానికర సాఫ్ట్‌వేర్ అనగానే ఎక్కడో కూర్చున్న మేధావి మన ఫోన్ తాళం బద్దలు కొడుతున్నట్టు ఊహించుకుంటాం. సామాన్యుల ఫోన్ల విషయంలో జరిగేది చాలావరకు అది కాదు. తలుపు మనమే తీస్తున్నాం. తీసే ముందు ఫోన్ ఒకటికి రెండుసార్లు అడుగుతుంది కూడా. అడిగింది మనకు అర్థం కాదు, అంతే.

పోయిన ఏడాది మా బడి ఏడో తరగతి తల్లిదండ్రుల గ్రూపులో ఓ రాత్రి పెళ్లిపత్రిక పడింది. పంపింది ఓ తండ్రి నంబరు నుంచి. మామూలు పత్రికలా ఫొటో కాదు, ఫైలు. పేరు చివర చుక్క పెట్టి 'ఏపీకే' అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఆయనింట్లో పెళ్లే లేదు. అంతకు రెండు రోజుల ముందు ఆయన ఫోన్‌కూ ఇంకెవరి నుంచో అలాంటి పత్రికే వచ్చిందట, కొడుకు తెరిచాడట. తెల్లారేలోగా మా గ్రూపులో మరో ఇద్దరు నొక్కారు. వారిలో ఒకరి ఖాతాలోంచి రాయకోట మార్కెట్లో టమాటా అమ్మిన డబ్బు తొమ్మిది వేలు పోయింది. "బడి గ్రూపులో వచ్చింది కదా సారూ, బడివాళ్లదే అనుకున్నాము" అంది ఆ తల్లి. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. బడి గ్రూపును జనం నమ్ముతారు, అందుకే దొంగ అక్కడికి వస్తాడు.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. ఇలాంటి పెళ్లిపత్రికల గురించి 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు జనాన్ని హెచ్చరించారు. అదే ఏడాది ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చిన దొంగ యాప్ దేశంలో నాలుగు వేలకు పైగా ఫోన్లలో చేరిందని క్లౌడ్‌సెక్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. గుజరాత్ తర్వాత ఎక్కువగా దెబ్బతిన్నది కర్ణాటకే. పేరు మారుతూ ఉంటుంది. ఇవాళ పెళ్లి, రేపు చలానా, ఎల్లుండి కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ, పీఎం కిసాన్, పిల్లల స్కాలర్‌షిప్. మారనిది చివరనున్న ఆ మూడు అక్షరాలే. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను పెట్టే ఫైలు. పత్రికకు, బిల్లుకు, హాల్‌టికెట్‌కు యాప్ అక్కర్లేదు. ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో ఏపీకే పంపి పెట్టుకోమనదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిస్తే సగం బెడద తీరినట్టే.

నొక్కాక ఏం జరుగుతుంది? ఫైలు ఫోన్‌లోకి దిగినంత మాత్రాన ప్రమాదం లేదు. దాన్ని తెరిచినప్పుడు, తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను పెట్టడానికి వాట్సాప్‌కు అనుమతిస్తారా అని ఫోన్ అడుగుతుంది. ఇది మొదటి తలుపు. యాప్ చేరాక మెసేజీలు చదవడానికి అనుమతి కావాలంటుంది. ఇది రెండోది. ఇచ్చామా, బ్యాంకు పంపే ఓటీపీ మనం చూసేలోపే దొంగకు చేరుతుంది. వాట్సాప్ పంపే కోడ్ కూడా మెసేజీగానే వస్తుంది కాబట్టి, దాంతో మన వాట్సాప్‌ను అతడు తన ఫోన్‌లో తెరుచుకుని మన గ్రూపులన్నిటికీ అదే పత్రిక పంపగలడు. మూడో తలుపు యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివారికి తెరమీది అక్షరాలు చదివి వినిపించడానికి, వేలు కదపలేనివారి బదులు బటన్లు నొక్కడానికి పెట్టిన మంచి సదుపాయం అది. దొంగ యాప్ చేతికి వెళితే మన తెర చదివేది అదే, మన బదులు నొక్కేదీ అదే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి తెచ్చిపెట్టిన యాప్‌లకు ఈ అనుమతి అంత సులువుగా దొరకకుండా కట్టడి చేశారు. పాత ఫోన్లలో ఆ కట్టడి లేదు.

పాత ఫోన్లంటే గుర్తొచ్చింది. 2020లో బడులు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ తరగతుల కోసం అప్పుచేసి కొన్న ఫోన్లు మన ఇళ్లలో ఇంకా నడుస్తున్నాయి. చవక ఫోన్లకు కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఇచ్చేది కొన్నేళ్లే. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి ఉన్న భాగం తెరిస్తే చివరి భద్రతా అప్‌డేట్ తేదీ కనబడుతుంది. అది రెండు మూడేళ్ల కిందటిదైతే ఆ ఫోన్‌ను పాఠాలకూ, పాటలకూ వాడండి. బ్యాంకు, ఫోన్‌పే, గూగుల్‌పే అందులోంచి తీసేయండి. కొత్త ఫోన్ కొనమని మేము చెప్పడం లేదు, ఆ స్తోమత ఎందరికి ఉందో మాకు తెలుసు. ఇంట్లో రెండు ఫోన్లుంటే డబ్బు ఏ ఫోన్‌లో ఉండాలన్నదే మా మాట.

పిల్లల వైపు నుంచి వచ్చే ప్రమాదం వేరే. అక్కడ వాళ్లను కోప్పడి లాభం లేదు. డబ్బు కట్టాల్సిన ఆటను ఉచితంగా ఇస్తామనే 'మోడ్' యాప్‌లు ఒకటి. రెండోది మన బడులకే ప్రత్యేకమైన చిక్కు. చెన్నైలోనో బెంగళూరులోనో చదివే పిల్లవాడికి గైడ్లు, పాత ప్రశ్నపత్రాలు కుప్పలుగా దొరుకుతాయి. పొరుగు రాష్ట్రంలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివే మన అమ్మాయికి ఏవి దొరుకుతాయి? ఆంధ్ర, తెలంగాణ గైడ్లు మన సిలబస్‌కు సరిపోవు. అందుకని ఆమె రాత్రిళ్లు గూగుల్‌లో వెతుకుతుంది, 'తెలుగు మీడియం గైడ్ డౌన్‌లోడ్' అని కనబడ్డ ప్రతి బటనూ నొక్కుతుంది. ఆ బటన్లలో కొన్ని ఇచ్చేది పుస్తకం కాదు, యాప్. దీనికి మందు ఉపాధ్యాయులమైన మన దగ్గరే ఉంది. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగు మాధ్యమ పుస్తకాలను తన వెబ్‌సైట్‌లోనే ఉంచుతోంది, కేంద్ర ప్రభుత్వ దీక్ష యాప్ ఉంది. పాత ప్రశ్నపత్రాలను మనమే స్కాన్ చేసి గ్రూపులో పీడీఎఫ్‌గా పెడితే పిల్లలు చీకట్లో వెతుక్కోవాల్సిన పని ఉండదు. మా బడిలో ఈ పని మొదలుపెట్టాం. నలుగురు ఉపాధ్యాయులు నాలుగు శనివారాలు కూర్చుంటే ఐదేళ్ల పత్రాలు పూర్తయ్యాయి.

ఇక ఫోన్‌కు చేయాల్సినవి. అన్నిటికన్నా ముందు, భాష మార్చండి. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగును మొదట, మీ రాష్ట్ర భాషను రెండోది పెట్టుకోవచ్చు. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిన యాప్ అనుమతి అడిగినా, ఫోన్ ఆ ప్రశ్నను తెలుగులో చూపిస్తుంది. 'మీ మెసేజీలు చూడటానికి దీన్ని అనుమతించాలా' అన్నది తెలుగులో కనబడితే, పెళ్లిపత్రికకు నా మెసేజీలతో ఏం పని అని నాయనకే అనుమానం వస్తుంది. ఫోన్‌లోని తెలుగు అనువాదం కాస్త కృతకంగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. పెద్ద పిల్లలు మొదట నవ్వుతారు కూడా. వారం గడిస్తే అలవాటవుతుంది. తెలుగు కోసం బడిని నిలబెట్టుకున్నవాళ్లం, జేబులోని ఫోన్‌ను మాత్రం ఇంగ్లీషుకు వదిలేయడం ఎందుకు?

తర్వాత, తెలియని యాప్‌లను పెట్టే అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆపి ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టి ఆరంకెల పిన్ ఇచ్చుకుంటే, మెసేజీలో వచ్చే కోడ్ ఒక్కటీ దొంగిలించి ఎవరూ మీ వాట్సాప్ తెరవలేరు. యాప్‌లు ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలి. అలాగని అక్కడున్నవన్నీ మంచివని కాదు. జోకర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఉన్న 1,700 యాప్‌లను తన స్టోర్ నుంచి తీసేశామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది. టార్చిలైటు యాప్ మీ మెసేజీలు చదవాలంటే అది ప్లే స్టోర్‌లో ఉన్నా వద్దనండి. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కితే ప్లే ప్రొటెక్ట్ వస్తుంది, నెలకోసారి స్కాన్ చేయించండి. హైదరాబాద్‌లోని సీ-డాక్ తయారుచేసిన ఎం-కవచ్ 2 యాప్ కూడా ఉచితమే. రోడ్డు పక్క ఛార్జింగ్ పెడితే ఫోన్ దోచేస్తారన్న భయం మాత్రం మన ఊళ్లలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది. సొంత ఛార్జరు వెంట ఉంటే చాలు.

ఒకవేళ నొక్కేశారే అనుకుందాం. మొదట ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, సిమ్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి చేయండి. 1930 ఎత్తేది సాధారణంగా మనమున్న రాష్ట్రపు పోలీసులే కాబట్టి మాట తమిళంలోనో కన్నడంలోనో సాగుతుంది. ఖాతా నంబరు, పోయిన సొమ్ము, సమయం, లావాదేవీ నంబరు ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే తడబాటు ఉండదు. డబ్బు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే అక్కడే ఆపించే వీలుంది, కాబట్టి గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోయినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయే సొమ్ముకు బాధ్యత బ్యాంకుదే. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఆ తర్వాత ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. దొంగ యాప్ బొమ్మ కనబడకుండా దాక్కుంటుంది కాబట్టి, తీసేశామనుకుంటే సరిపోదు. వేరే ఫోన్ నుంచి పిన్లు, పాస్‌వర్డులు మార్చేయండి. పత్రిక ఏ గ్రూపులకు పోయిందో ఆ గ్రూపులకు వెంటనే ఫోన్ చేసి చెప్పండి. సిగ్గుపడి దాచిన ప్రతి గంటా ఇంకో ఇంటి డబ్బు.

మా బడి గ్రూపును ఇప్పుడు నిర్వాహకులు మాత్రమే రాయగలిగేలా మార్చాం. తల్లిదండ్రుల ప్రశ్నలకు వేరే గ్రూపు ఉంది, అందులో ఫైలు వస్తే తెరవకుండా ముందు మాకు ఫోన్ చేయమన్నాం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల మాట అరగంటలో ముగించి, మిగతా గంటా ఫోన్లతోనే కూర్చుంటాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కో బల్ల దగ్గర ఉండి భాష మార్చడం, అనుమతులు చూడడం చేయిస్తారు. వచ్చేటప్పుడు ఫోన్‌ను పూర్తిగా ఛార్జి చేసి తెండి. అవ్వా తాతల ఫోన్లు కూడా.