రెండంగుళాల లెక్క

ఉప్పల్ రింగు నుంచి నారపల్లి వైపు వరంగల్ రహదారి మీద రోజూ తిరిగేవాళ్ళకి, బండి అడుగు నేలను గీరిన చప్పుడు కొత్త కాదు. 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ళకేళ్ళు సాగాయి. స్తంభాలు లేచాయి గానీ కింద రోడ్డు గుంతలు పడింది. ఇక వానాకాలం సంగతి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. నగరం తూర్పు వైపు కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. ఇలాంటి చోట ఉంటూ చిన్న కారు అమ్మేసి, పాత జిప్సీయో పాత థారో చూసుకోవాలనిపిస్తే తప్పు లేదు. కొన్న వారం తిరక్కుండానే రెండో కోరిక పుడుతుంది: దీన్ని ఇంకాస్త పైకి లేపితే ఎలా ఉంటుంది?

ఆ కోరిక తీర్చుకునే ముందు బండి ఎక్కణ్ణుంచి వచ్చిందో, దాని కింద బరువు మోస్తున్న స్ప్రింగు ఏ సూత్రం మీద నడుస్తుందో తెలుసుకుంటే డబ్బూ నడుమూ రెండూ దక్కుతాయి.

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఒక వినతి పంపింది. తేలికైన, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలి, నమూనా 49 రోజుల్లో చేతికి రావాలి. గడువులోగా బండి తెచ్చి నిలబెట్టింది బాంటమ్ అనే చిన్న సంస్థ. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. 1945 అక్టోబరు 2న మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో పుట్టిన మన కంపెనీ, స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో ఆ విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. పోలీసు జీపు, ఎన్నికల జీపు, ఏజెన్సీ గూడేలకు జనాన్ని చేరవేసిన కమాండర్ జీపు, 2010లో వచ్చిన థార్, అన్నీ ఆ వంశంలోవే.

జిప్సీది వేరే వంశం. 1960ల చివర్లో జపాన్‌లో హోప్ అనే ఓ చిన్న కంపెనీ బుల్లి ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేసి, అమ్ముకోలేక ఆ హక్కులు సుజుకీకి ఇచ్చేసింది. సుజుకీ దాన్ని 1970లో 359 సీసీ ఇంజిన్‌తో జిమ్నీగా తెచ్చింది. దాని రెండో తరాన్ని కాస్త పొడుగు చేసి, 1985 డిసెంబరులో మారుతి మన దేశంలో జిప్సీగా విడుదల చేసింది. మొదట 970 సీసీ ఇంజిన్, 1996లో 1298 సీసీతో జిప్సీ కింగ్. టాపు లేని బండి బరువు టన్నుకి కాస్త తక్కువే. నా దృష్టిలో జిప్సీ బలమంతా ఆ తేలికదనంలోనే ఉంది. రెండు టన్నుల బండి ఇరుక్కునే బురదలో అది పైపైన నడిచి వెళ్ళిపోతుంది, మన సైన్యం దాన్ని దశాబ్దాల పాటు వదల్లేదు. 2018 చివర్లో బుకింగులు ఆగాయి. ఇప్పుడు జిప్సీ కావాలంటే పాతది కొనాల్సిందే.

జిప్సీకి ముందూ వెనకా ఆక్సిల్ మొత్తం ఒకే గట్టి కడ్డీ. ఆ ఆక్సిల్‌ని మోసేవి కమాన్ కట్టలు, మన లారీల కింద కనిపించేవే. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలను 1804లో లండన్ బండ్ల తయారీదారు ఒబడయా ఇలియట్ గుర్రపు బగ్గీలకు పేటెంటు చేసుకున్న తీరుకు ఇది మనవడి మనవడు. పట్టీ పని రెండు రకాలు: బరువు మోస్తుంది, ఆక్సిల్ అటూ ఇటూ పోకుండా పట్టుకుంటుంది. పట్టీకి పట్టీ రాసుకోవడం వల్ల ఊపును కొంత చంపుతుంది కూడా. అందుకే ఒక్క చోట చెయ్యి పెడితే మూడు చోట్ల తేడా వస్తుంది.

ఇక్కడ రాబర్ట్ హుక్‌ని పిలవాలి. స్ప్రింగు మీద ఎంత బరువు వేస్తే అంత నిష్పత్తిలోనే అది వంగుతుందని 1678లో ఆయన ప్రకటించాడు. ఆ సూత్రం నుంచి బండి కొనేవాడికి పనికొచ్చే ఓ లెక్క వస్తుంది. బండి తన సొంత బరువుకి స్ప్రింగుని ఎంత నొక్కుకుందో తెలిస్తే చాలు, అది సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయొచ్చు. 25 సెంటీమీటర్లు నొక్కుకుంటే సెకనుకి ఒక్కసారి, మెత్తగా. 10 సెంటీమీటర్లయితే 1.6 సార్లు. 5 సెంటీమీటర్లయితే 2.2 సార్లు, అంటే ప్రతి గుంతా వెన్నుపూసకి తెలుస్తుంది.

ఇప్పుడు 10 సెంటీమీటర్లు నొక్కుకున్న కమాన్ కట్టను రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు, పైకి లేపాలి. దానికి రెండు దారులు. పట్టీలు కలిపి కట్ట గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే బండి 5 సెంటీమీటర్లే నొక్కుకుంటుంది, కోరిన ఎత్తు వచ్చేస్తుంది, ఊపు మాత్రం 1.6 నుంచి 2.2కి ఎగబాకుతుంది. లేదా గట్టిదనం అంతే ఉంచి, పట్టీల వంపు పెంచిన కొత్త కట్ట వేస్తే అదే ఎత్తు వస్తుంది, ఊపు 1.6 దగ్గరే ఆగుతుంది. బయటనుంచి చూస్తే రెండు బండ్లూ ఒకేలా నిలబడతాయి. చౌకగా లేపుతామనే చాలా చోట్ల చేసేది మొదటి పనే. రాళ్ళ దారిలో అసలు నష్టం అప్పుడు తెలుస్తుంది: గట్టి కట్ట వంగదు, వంగకపోతే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది. ముందొకటీ వెనకొకటీ లేస్తే, డిఫరెన్షియల్‌కి లాక్ లేని జిప్సీ అక్కడితో ఆగిపోతుంది. లిఫ్ట్ కొనేటప్పుడు ఎన్ని అంగుళాలని అడిగే ముందు, ఖాళీ బండికా, నలుగురు మనుషులూ సామానుతోనా, ఏ బరువుకి చేసిన కట్ట అని అడగండి.

పట్టీ మందం విషయం మరీ జాగ్రత్త. గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే పొడవు, వెడల్పున్న 7 మిల్లీమీటర్లది వేస్తే, ఒక్క మిల్లీమీటరుకి ఆ పట్టీ దాదాపు 60 శాతం గట్టిపడుతుంది. పాత పట్టీలనే కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు కొట్టిస్తే ఇంకో ముప్పు. స్ప్రింగు ఉక్కును కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ కొలత ప్రకారం వేడిచేసి ఫ్యాక్టరీలో ఇచ్చిన పదును ఆ మంటలోనే పోతుంది. కొన్నాళ్ళు ఎత్తుగా ఉండి మళ్ళీ కూలబడుతుంది, లేదా విరుగుతుంది. చల్లగానే ప్రెస్ మీద వంచేవాళ్ళు దొరికితే కొంత నయం. కొత్త కట్టలు, వాటి పొడవుకి సరిపోయే షాక్ అబ్జార్బర్లు కలిపి తీసుకోవడమే నా సలహా.

కట్ట కొసను చాసిస్‌కి కలిపే షాకిల్‌ని పొడుగు చేయించడం ఇంకా చౌక. నాచారం పారిశ్రామికవాడలో ఏ లేత్ షెడ్డులోనైనా ఒక్క పూటలో అయ్యే పని. ఆక్సిల్ కట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి షాకిల్‌ని 4 అంగుళాలు పెంచితే బండి లేచేది 2 అంగుళాలే. పైగా జిప్సీకి ముందు షాకిల్ కట్ట ముందు కొసన ఉంటుంది, అది పొడుగైతే ఆక్సిల్ మొత్తం తిరుగుతుంది. దాంతో చక్రాలకు వెనక్కి వాల్చి ఇచ్చిన క్యాస్టర్ కోణం తగ్గిపోతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది నడిమికి రాదు, ఔటర్ రింగు రోడ్డు మీద బండి తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆక్సిల్ కింద ఉన్న కట్టను పైకి మార్చే పద్ధతి మరొకటుంది. ఒక్కసారిగా 5 అంగుళాలు లేస్తుంది, దానితోపాటు స్టీరింగ్ కడ్డీలూ బ్రేకు గొట్టాలూ అన్నీ మళ్ళీ చేయించుకోవాలి. పూర్తిగా కొండల కోసం కట్టుకునే బండికి తప్ప దాని జోలికి పోవద్దు.

హుక్ పేరు బండి కింద ఇంకో చోటా ఉంది. గేర్‌బాక్సు నుంచి ఆక్సిల్‌కి శక్తి తీసుకెళ్ళే షాఫ్టు రెండు కొసలా ఉండే జాయింటుని ఆయన పేరుతోనే హుక్ జాయింట్ అంటారు, మన మెకానిక్కులకు క్రాస్. ఈ జాయింటు వంగి తిరిగితే అవతలి షాఫ్టు సమవేగంతో తిరగదు; ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. 10 డిగ్రీల వంపుకి ఆ తేడా ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలకి 6 శాతం. రెండు కొసల కోణాలూ సమానంగా ఉంటే ఒకదాని తేడాను ఇంకొకటి సరిదిద్దేస్తుంది. లిఫ్ట్ చేసినప్పుడు కోణాలు పెరగడమే కాదు, ఒకదానికొకటి తప్పుతాయి కూడా. స్పీడు 60 దాటగానే సీటు కింద మొదలయ్యే వణుకు అదే. కట్టకీ ఆక్సిల్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు పెట్టి కోణం సరిచేస్తారు. పని ఒప్పుకునే మెకానిక్ ఈ మాట తనంతట తానే ఎత్తితే అతనికి పని తెలుసన్నట్టు.

మొదటి తరం థార్ సీఆర్డీఈ కొంటే కథ మారుతుంది. దానికి ముందు కమాన్ కట్టలుండవు, టార్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. కడ్డీ చివర బోల్టు తిప్పితే చాలు, ముందుభాగం పైసా ఖర్చు లేకుండా లేస్తుంది. తిప్పినందువల్ల కడ్డీ గట్టిపడదు. చక్రం కిందికి దిగడానికి మిగిలిన చోటు మాత్రం తరిగిపోతుంది. గుంతలోకి దిగాల్సిన చక్రం పైనే ఆగి టక్కుమంటుంది, డ్రైవ్ షాఫ్టుల రబ్బరు బూట్లు ఏటవాలుగా నలిగి చిరుగుతాయి. పాత థార్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు వంగి ఆ బూట్ల చుట్టూ గ్రీజు చిమ్మిందేమో చూడండి. 2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరం థార్‌కి నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే, కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 226 మిల్లీమీటర్లు. ఉప్పల్లో ఉండేవాళ్ళకి దాన్ని లేపాల్సిన అవసరం నాకు కనిపించదు.

ఇంత చేసినా గట్టి ఆక్సిల్ బండికి అన్నిటికన్నా కిందుండేది డిఫరెన్షియల్ గుండు. దాన్ని ఏ స్ప్రింగూ లేపలేదు, టైరు ఒక్కటే లేపగలదు, అదీ పెరిగిన ఎత్తులో సగమే. 215/75 ఆర్15 టైరు తీసి 235/75 ఆర్15 వేస్తే టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, గుండు కింద సందు 15 పెరుగుతుంది, స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 83 మీద ఉంటుంది. లిఫ్ట్ అసలు పని ఆ పెద్ద టైరుకు మడ్‌గార్డు కింద చోటివ్వడం, బండి నడుము రాయికి తగలకుండా చూడ్డం. నీళ్ళలోకి దిగే విషయంలోనూ అంతే. ఇంజిన్‌కి గాలి పీల్చే గొట్టం కాస్త పైకి వెళ్తుంది గానీ ఆక్సిల్ మునిగే లోతు మారదు, దానికి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం పొడుగు చేయించకపోతే గుండులోకి నీరు చేరుతుంది.

ఎత్తు పెరిగితే బోల్తా ప్రమాదమూ పెరుగుతుంది. రెండు చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో మామూలు కార్లకి ఇది 1.3 నుంచి 1.5, ఎస్‌యూవీలకి 1 నుంచి 1.3. చక్రాల మధ్య 1300 మిల్లీమీటర్లున్న బండికి గురుత్వ కేంద్రం 650 దగ్గర ఉందనుకుందాం: సరిగ్గా 1. రెండంగుళాల లిఫ్ట్ దాన్ని 40 మిల్లీమీటర్లు పైకి తోస్తే 0.94కి పడిపోతుంది. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని యాదగిరిగుట్ట వెళ్ళే బండికి రెండంగుళాలు దాటొద్దని నేనంటున్నది ఇందుకే.

చట్టం మాటా చెప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చేయించే ముందే ఆర్టీఏ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోండి. పదిహేనేళ్ళు నిండిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు. పాత ఏపీ నెంబరు ప్లేటు కనిపిస్తే ఆ గడువెప్పుడో ముందే చూసుకోవాలి.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు జేబులో ఒక టేపు పెట్టుకోండి. చదునైన నేల మీద నాలుగు చక్రాలకీ హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. ఎడమకీ కుడికీ తేడా ఉంటే ఒక వైపు కట్ట కూలింది, లేదా చాసిస్ వంకర. షాకిల్ పట్టుకున్న చోట చాసిస్‌కి పగుళ్ళు, కొత్త వెల్డింగు ఉన్నాయేమో చూడండి. గుండు నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు తాగిన బండి. టేపుతో తీసిన కొలతల్ని కంపెనీ ఎత్తుతో పోల్చితే చాలా పాత బండ్లు ఒక అంగుళం, కొన్ని అంతకన్నా ఎక్కువే కుంగి ఉంటాయి. అలాంటిదానికి కంపెనీ కొలతలున్న కొత్త కట్టలు, కొత్త బుష్‌లు వేసి ఓ నెల నడపండి. కోరుకున్న ఎత్తులో సగం అక్కడే దొరుకుతుంది, అదీ ఏ కోణమూ చెడకుండా. అప్పటికీ చాలదనిపిస్తేనే లిఫ్ట్ కిట్.

కిట్ బిగించే రోజు దగ్గరుండి ఒక్క సంగతి చూసుకోండి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా కట్టల కళ్ళలోని బుష్ బోల్టులు బిగించేస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, నెలల్లోనే చిరుగుతుంది. బండిని దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించమనండి. కట్టను ఆక్సిల్‌కి పట్టి ఉంచే యు బోల్టుల్ని టార్క్ రెంచితో బిగించాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళాలి.