థలసీమియా: ఇరవై ఒక్క రోజుల లెక్క

సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు గడువు అనే మాట కొత్త కాదు. నారు ముదరక ముందే నాట్లు పడాలి. మిరపకు తెగులు కనబడితే ఆలస్యం చేయకుండా మందు కొట్టాలి. అదను తప్పితే ఆ యేటి పంట పోతుంది, మళ్ళీ యేటికి చూసుకుందాంలే అనుకుంటాం. మా అక్కా బావల ఇంట్లో ఆరేళ్ళకు పైగా నడుస్తున్న గడువు అలాంటిది కాదు. ప్రతి ఇరవై ఒక్క రోజులకూ వాళ్ళ పాపకు రక్తం ఎక్కించాలి. అక్కడ "మళ్ళీ యేటికి" అనే మాట లేదు.

ఆ జబ్బు పేరు థలసీమియా. మా ఊళ్ళో అంతకు ముందు ఆ పేరు విన్నవాళ్ళు లేరు. నాకప్పుడు పదమూడేళ్ళు. ఆ పేరే నన్ను జీవశాస్త్రం వైపు తీసుకువచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఈ వ్యాసంలో ఆ జబ్బు సంగతీ, అది ఉన్న బిడ్డను పెంచే తల్లిదండ్రుల పని సంగతీ, అందులో మనబోటి విద్యార్థుల వంతు సంగతీ నాకు తెలిసినంతలో చెబుతాను.

అసలు ఏమిటీ జబ్బు?

1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో థామస్ కూలీ అనే పిల్లల వైద్యుడు ఈ జబ్బును మొదట వివరించాడు. మధ్యధరా సముద్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో కనబడింది కనుక, గ్రీకు భాషలో సముద్రం అని అర్థం వచ్చే "థలస్సా" అనే మాట నుంచి 1932లో థలసీమియా అనే పేరు వచ్చింది. పేరు సముద్రానిదే గాని, జబ్బు మన దేశంలోనూ ఉంది.

మన రక్తానికి ఎరుపు రంగునిచ్చి, ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసును తయారుచేయించే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఆ రెండూ చెడినవైతే బీటా గొలుసులు చాలవు. జత లేని ఆల్ఫా గొలుసులు పేరుకుపోయి, ఎర్ర కణాలు చాలావరకు ఎముకల మూలుగలోనే నాశనమైపోతాయి. బయటికి వచ్చినవి కూడా మామూలు కణాల్లాగా 120 రోజులు బతకవు.

మరి పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుందెందుకు? కడుపులో ఉన్నప్పుడు బీటాకు బదులు గామా గొలుసులతో వేరే హిమోగ్లోబిన్ తయారవుతుంది. పుట్టాక కొన్ని నెలలకు అది తగ్గిపోయి బీటా వంతు వస్తుంది. అందుకే మా పాప ఆరో నెల దాకా బొద్దుగా ఉండి, ఆ తర్వాత పాలిపోతూ వచ్చింది. పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడి వదిలేసేది. పొట్ట ఎడమవైపు గట్టిగా తగిలేది. అది ప్లీహం పెరగడమని తర్వాత తెలిసింది.

ఊళ్ళో చూపిస్తే "రక్తం తక్కువ" అని ఇనుము టానిక్కు రాసిచ్చారు. రక్తం తక్కువన్న మాట నిజమే. కాని ఇనుము చాలక వచ్చే రక్తహీనత వేరు, ఇది వేరు. ఇక్కడ ఇనుముకు కొరత లేదు, దాన్ని వాడుకునే కణమే నిలవడం లేదు. రెండు నెలలు గడిచాక పట్నంలో పెద్ద డాక్టరు రక్తం పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పారు.

తప్పు ఎవరిది?

మొదటి ప్రశ్న ఇదే వచ్చింది. అక్కది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకుంది. "మా వైపు ఇలాంటిది లేదు" అని అనడానికి అత్తయ్యకు వీల్లేకపోయింది, రెండు వైపులూ ఒకటే గనుక! మేనరికంలో ఒకే చెడ్డ జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. అలాగని బయటి సంబంధం చేసుకుంటే రాదని ధీమా లేదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ జన్యువును మోస్తున్నవాళ్ళే. వాళ్ళను వాహకులు అంటారు. వాళ్ళకు జబ్బు ఉండదు, మహా అయితే కొంచెం రక్తం తక్కువగా ఉంటుంది, అంతే. పొలం పనిలో మా బావను మించినవాడు లేడు, ఆయనా వాహకుడే.

వాహకులిద్దరు పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. వాహకత్వం మాత్రమే రావడానికి 50, ఏమీ లేకుండా పుట్టడానికి 25. మెండెల్ బఠానీ మొక్కల లెక్కే ఇది. ఇందులో తల్లి తప్పు గాని, తండ్రి తప్పు గాని, పూర్వజన్మ పాపం గాని లేవు.

వైద్యంలో ఒక చిక్కు

హిమోగ్లోబిన్ 9 లేదా 10 గ్రాములకు తగ్గకుండా చూసుకుంటూ, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తారు. అలా చేస్తే బిడ్డ పెరుగుతుంది, ఆడుతుంది, బడికి పోతుంది. చేయకపోతే మూలుగ లేని రక్తం కోసం పాటుపడి ఉబ్బుతుంది, ముఖంలో ఎముకలు మారిపోతాయి, చివరికి గుండె అలసిపోతుంది.

కాని ఒక సంచి రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన శరీరం రోజుకు వదిలించుకోగలిగేది ఒక మిల్లీగ్రాము మాత్రమే. అంటే ఒక సంచి ఇనుము పోవడానికి 200 రోజులు కావాలి. ఇంకో సంచి 21 రోజులకే వస్తుంది! మిగిలిన ఇనుము కాలేయంలో, గుండెలో, ఎదుగుదలకు కావలసిన గ్రంథుల్లో చేరుతుంది. బతికించే రక్తమే మెల్లగా విషమవుతుంది.

ఆ ఇనుమును బయటికి లాగడానికి మందులున్నాయి. 1970ల నుంచి పిల్లలకు రాత్రిపూట చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు డెస్ఫెరాక్సమిన్ అనే మందు పంపేవారు. వారానికి ఐదారు రాత్రులు! ఎందరు తల్లులు ఏడ్చే బిడ్డకు తమ చేతులతోనే ఆ సూది గుచ్చారో. తర్వాత నోటితో వేసుకునే డెఫెరిప్రోన్, 2005 ప్రాంతంలో డెఫెరాసిరాక్స్ వచ్చాయి. పంపు వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇంట్లో జరిగే వైద్యం

వైద్యం అంటే ఆసుపత్రిలో డాక్టరు చేసేదని మనం అనుకుంటాం. ఈ జబ్బులో ముప్పాతిక వంతు వైద్యం ఇంట్లోనే జరుగుతుంది, చేసేది తల్లిదండ్రులే.

అక్క పొద్దున్నే గ్లాసు నీళ్ళలో మాత్ర వేసి, ఉండ లేకుండా కలుపుతుంది. పాప తాగాక గ్లాసు అడుగున మిగిలిన పొడిలో మళ్ళీ కాసిని నీళ్ళు పోసి అదీ తాగిస్తుంది. ఆ తర్వాత అరగంట దాకా ఏమీ పెట్టకూడదు. ఆకలేసిన పిల్లను అరగంట ఆపడం ఎంత కష్టమో తల్లులకే తెలుసు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే మందు సంగతి వెంటనే డాక్టర్ని అడగాలి, ఎందుకంటే ఆ మందు మూత్రపిండాల మీద పనిచేయవచ్చు. రక్తంలో ఫెర్రిటిన్ పరీక్షలు, ఏటా కంటి పరీక్ష, చెవి పరీక్ష కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసిపెట్టింది. అక్క చదివింది ఏడో తరగతే. ఆ పుస్తకం చూసి డాక్టరుగారే "భేష్" అన్నారట.

ఇరవై ఒకటో రోజు బావ వంతు. మిరప కోతలైనా, కూలీలు వచ్చి గట్టు మీద నిలబడినా, ఆ రోజు ఆయన పొలంలో ఉండడు. తెల్లవారుజామున బస్సుకు బయలుదేరాలి. ముందు రక్తం తీసి సరిపోలిక చూస్తారు. తర్వాత నరం దొరకాలి. ఎక్కించడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ కాస్సేపూ చలి, జ్వరం, దద్దుర్లు వస్తాయేమోనని కనిపెట్టుకుని ఉండాలి, వస్తే వెంటనే నర్సును పిలవాలి.

మొదట్లో "సూది లేదమ్మా, ఊరికే చూస్తారంతే" అని పాపను బుజ్జగించి తీసుకుపోయేవారు. దాంతో ఆసుపత్రి గేటు చూడగానే ఏడుపు. ఒకరోజు నర్సమ్మ చెప్పింది: "అబద్ధం చెప్పకండి. చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుందని చెప్పండి." ఇప్పుడు పాప తనే పది లెక్కపెడుతుంది. ఏ చెయ్యో కూడా తనే చెబుతుంది. వైద్యం తన చేతిలోనూ కొంత ఉందని తెలిసిన బిడ్డకు భయం తగ్గుతుంది. మామయ్యగా నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

ఇంకో సంగతి. జబ్బు బిడ్డ కదా అని గారం చేసి ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టడం సహజం. అక్క అలా చేయలేదు. పాప బడికి పోతుంది, తమ్ముడితో పోట్లాడుతుంది, లెక్కలు తప్పితే తిట్లూ తింటుంది. గడువు దగ్గరపడిన రెండు మూడు రోజులు మాత్రం త్వరగా అలసిపోతుంది. ఆ సంగతి పంతులమ్మకు ముందే చెప్పి ఉంచారు.

పూర్తిగా నయం చేసే దారి కూడా ఉంది. ఎముక మూలుగ మార్పిడితో థలసీమియా నయం చేయవచ్చని 1980ల తొలినాళ్ళలో సియాటిల్‌లో రుజువైంది. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లో మొదలుపెట్టారు. చిన్న వయసులో, సరిపోయే తోబుట్టువు ఉంటే ఫలితం బాగుంటుంది. తోబుట్టువు సరిపోయే అవకాశం మాత్రం నాలుగింట ఒక వంతే. మా పాపకు తమ్ముడి మూలుగ సరిపోలేదు. కాబట్టి రక్తమే ఆధారం.

మన వంతు

రక్తాన్ని ఏ కర్మాగారమూ తయారుచేయలేదు. మా పాపకు ఏటా పదిహేడు సంచులు కావాలి. మగవాళ్ళు 90 రోజులకొకసారి, ఆడవాళ్ళు 120 రోజులకొకసారి రక్తం ఇవ్వవచ్చు. ఒక మనిషి ఏడాదికి నాలుగుసార్లు ఇచ్చినా, ఒక్క పాప బతకడానికి కనీసం ఐదుగురు కావాలి. ఆ ఐదుగురి ముఖం ఆమె ఎన్నడూ చూడదు. ఎర్ర కణాలు నిలవ ఉండేది 42 రోజులకు మించి కాదు. కాబట్టి ఏడాదికొకసారి కాలేజీ వార్షికోత్సవం నాడు వందమంది ఇచ్చి, ఫొటో దిగి, వేసవి సెలవుల్లో ఒక్కరూ ఇవ్వకపోతే లెక్క కుదరదు. మే నెలలో రక్తం కోసం మా బావ తిరిగినంత ఏ నెలలోనూ తిరగలేదు. వందమంది ఒకే రోజు ఇవ్వడం కంటే, నెలకు పదిమంది వంతుల వారీగా ఇవ్వడం మేలు. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువుండి, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మన విద్యార్థి సంఘం ఇలాంటి వంతుల పట్టిక ఒకటి తయారుచేయాలని నా మనవి.

రెండో మనవి. పెళ్ళికి ముందు జాతకాలు చూస్తాం, కట్నాలు మాట్లాడతాం. హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష ఒక్కటి చేయించుకుందాం. అది 3.5 శాతం దాటితే వాహకులేమోనని డాక్టరు చూస్తారు. వాహకుడైతే పెళ్ళి మానుకోనక్కరలేదు, రెండోవారికీ పరీక్ష చేయించాలి, అంతే. ఇద్దరూ వాహకులే అయితే గర్భం వచ్చిన పది పన్నెండు వారాలకే బిడ్డ సంగతి తెలుసుకునే వీలుంది. సైప్రస్ దీవిలో పెళ్ళికి ముందు ఈ పరీక్షను అలవాటు చేసి, కొత్తగా ఈ జబ్బుతో పుట్టేవాళ్ళను దాదాపు లేకుండా చేసుకున్నారు. చదువుకున్న మనం ఒక పరీక్షకు జంకడం భావ్యమా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో థలసీమియా కూడా చేరింది. హైదరాబాదులో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. మీ ఊళ్ళో ఏ పసిబిడ్డయినా ఆరేడు నెలలకే పాలిపోయి, టానిక్కులకు తేరుకోకపోతే, రక్తం పరీక్ష చేయించమని ఆ తల్లికి చెప్పండి. మీ రక్తం గ్రూపు ఏమిటో ఈ వారంలోనే తెలుసుకుని సంఘం కార్యాలయంలో పేరు రాయించండి. నా పేరు ముందే రాశాను. దాని కింద చాలా గీతలు ఖాళీగా ఉన్నాయి.