టెలిస్కోప్‌లో నక్షత్రానికి తోక కనిపిస్తోందా? అద్దం పాడైందని అమ్మేయకండి.. ముందు ఈ టెస్ట్ చేయండి!

కొత్త టెలిస్కోప్‌లో శని వలయాలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. సిటీ లైట్లకు దూరంగా చూద్దామని కారు డిక్కీలో పెట్టుకుని సాగర్ హైవే మీద శేరిగూడ దాకా వెళ్లారు. తీరా అక్కడ బిగించి చూస్తే శని మసకగా ఉంది, నక్షత్రానికేమో తోక! అద్దం పోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. కానీ చాలాసార్లు పోయేది అద్దం కాదు.. అలైన్‌మెంట్.

అసలేం జరుగుతుంది?

న్యూటోనియన్ టెలిస్కోప్‌లో గొట్టం అడుగున పెద్ద అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం ఉంటాయి. ఈ రెండూ, ఐపీస్ ఒకే వరుసలో ఉండాలి. దీన్నే కొలిమేషన్ అంటారు. ప్రయాణంలో కుదుపులకు స్క్రూలు కాస్త కదిలినా ఈ వరుస తప్పుతుంది.

స్టార్ టెస్ట్ ఎలా చేయాలి?

ముందు టెలిస్కోప్‌ను అరగంట నుంచి గంట సేపు ఆరుబయట ఉంచండి. అద్దం వేడి తగ్గకపోతే బొమ్మ ఎలాగూ వణుకుతుంది.

ఆకాశంలో కదలదు కాబట్టి ధ్రువ నక్షత్రాన్ని చూడమని చాలామంది చెబుతారు. కానీ శేరిగూడ నుంచి అది దిక్చక్రానికి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందికి చూస్తే మధ్యలో గాలి పొరలు ఎక్కువ. అందుకే చలికాలంలో రోహిణి, వేసవిలో స్వాతి మేలు. ఈ రెండూ మనకు దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తాయి. బాగా పైకి వచ్చాక చూడండి.

నక్షత్రాన్ని సరిగ్గా మధ్యలోకి తెచ్చి, ఎక్కువ పవర్ ఐపీస్ పెట్టండి. ఉదాహరణకు 1200 ఎంఎం టెలిస్కోప్‌కు 10 ఎంఎం ఐపీస్ పెడితే 120 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇప్పుడు ఫోకస్ కాస్త తప్పించండి. నక్షత్రం గారెలా మారుతుంది.. మధ్యలో నల్ల చిల్లు, చుట్టూ వెలుగు వలయాలు.

గారె ఏం చెబుతుంది?

* చిల్లు మధ్యలో ఉంటే: అలైన్‌మెంట్ బాగానే ఉంది.
* చిల్లు ఒక పక్కకు జరిగితే: కొలిమేషన్ తప్పింది.
* వలయాలు మరుగుతున్న నీళ్లలా కదిలితే: తప్పు గాలిది, వేడిది. కాసేపు ఆగండి.
* గారె మూడు మూలలుగా కనిపిస్తే: అద్దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు బిగుసుకుని ఉండొచ్చు.
* కోడిగుడ్డులా సాగితే: తల పక్కకు వంచి చూడండి. సాగిన దిక్కు కూడా తలతో పాటే తిరిగితే లోపం కంటిది!

ఒక్క జాగ్రత్త. నక్షత్రం మధ్యలో లేకపోతే మంచి టెలిస్కోప్‌లోనూ తోక కనిపిస్తుంది. కాబట్టి మధ్యలో పెట్టి చూశాకే నిర్ణయానికి రండి.

ఏ స్క్రూ తిప్పాలి?

గొట్టం ముందు చెయ్యి పెడితే గారె మీద వేలి నీడ పడుతుంది. వలయాలు సన్నబడిన వైపు ఆ నీడ వచ్చేలా చెయ్యి జరపండి. గొట్టం వెనుక ఆ వైపున్న స్క్రూతో గానీ, దానికి ఎదురుగా ఉన్న స్క్రూతో గానీ మొదలుపెట్టండి. లాక్ స్క్రూలుంటే ముందు వాటిని వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు కూడా వద్దు. తిప్పగానే నక్షత్రం జరుగుతుంది కాబట్టి మళ్లీ మధ్యలోకి తెచ్చి చూడండి. ఇంకా పక్కకు పోతే వెనక్కి తిప్పండి.

లెన్స్ ఉండే టెలిస్కోప్‌లకు సాధారణంగా ఈ స్క్రూలు ఉండవు. వాటిని విప్పకుండా అమ్మినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లడం మంచిది. ఈ టెస్ట్ సూర్యుడి మీద మాత్రం అస్సలు చేయకూడదు. కంటిచూపు పోతుంది.

పెద్ద టెలిస్కోప్‌కూ ఇదే రూల్

ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ఆకాశం కొత్త కాదు. దగ్గర్లోనే ఉస్మానియా యూనివర్సిటీ వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి శాస్త్రవేత్తలు పరిశీలించారు. అక్కడి 48 అంగుళాల అద్దమైనా, ఇంట్లోని 5 అంగుళాల అద్దమైనా వరుస తప్పితే బొమ్మ చెడుతుంది. తేడా ఒక్కటే.. ఇంట్లోదాన్ని పది నిమిషాల్లో మీరే సరిచేసుకోవచ్చు.