టెర్రాఫార్మ్ వర్సెస్ ఓపెన్‌టోఫు: ఇన్వెస్టర్ లెక్క వేరు, ప్రోగ్రామర్ లెక్క వేరు

ఓపెన్ సోర్స్‌లో ఫ్రీగా దొరుకుతుంటే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులెందుకు కట్టాలి? జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను టెర్రాఫార్మ్ కథ చెప్తుంటాను.

మీ ఫోన్‌లోని యాప్ వెనక క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేస్‌లు ఉంటాయి కదా. వాటిని ఒక్కొక్కటిగా క్లిక్ చేసి పెట్టే బదులు, ఏమేం కావాలో ఫైల్‌లో రాసిస్తే టెర్రాఫార్మ్ అన్నీ తయారుచేస్తుంది. అమెరికాకి చెందిన హాషికార్ప్ దీన్ని 2014లో ఓపెన్ సోర్స్‌గా వదిలింది.

2021 డిసెంబర్‌లో ఆ కంపెనీ షేరు 80 డాలర్ల ధరతో ఐపీఓకి వచ్చింది. ఇన్వెస్టర్‌కి ఎంతమంది వాడుతున్నారన్నది సరిపోదు. డబ్బు కట్టేవాళ్లెందరు, వాళ్లు వదిలిపోవడం ఎంత కష్టం అన్నదే అసలు లెక్క. కోడ్ అందరిదీ అయితే, అదే కోడ్‌తో పక్క కంపెనీ చౌకగా సర్వీస్ అమ్మొచ్చు. హాషికార్ప్ అప్పటికి ఇంకా నష్టాల్లోనే ఉంది.

2023 ఆగస్టులో లైసెన్స్ మార్చేశారు. కొత్త వెర్షన్ల కోడ్ చూడొచ్చు, వాడుకోవచ్చు, కానీ దాంతో వాళ్లకి పోటీ సర్వీస్ పెట్టకూడదు. ఒక్కో వెర్షన్ నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఓపెన్ అవుతుంది.

నిజానికి నాలాంటి మామూలు ప్రోగ్రామర్ పనిలో దీనివల్ల ఏమీ మారదు. అయినా డెవలపర్లు మండిపడ్డారు. 'పోటీ' అంటే ఏంటో ఎవరు తేలుస్తారు? బయటివాళ్లు రాసిచ్చిన కోడ్ సంగతేంటి? ఇన్వెస్టర్‌లాగే ప్రోగ్రామర్ కూడా 'వదిలి వెళ్లగలమా?' అనే అడుగుతాడు, కాకపోతే అతనికి కావాల్సిన జవాబు 'అవును'.

వెళ్లారు కూడా. పాత ఓపెన్ కోడ్‌ని ఫోర్క్ చేసి, లైనక్స్ ఫౌండేషన్ కింద ఓపెన్‌టోఫు మొదలుపెట్టారు. 2024 జనవరిలో 1.6 వచ్చింది. నాకు బాగా నచ్చింది తర్వాతి 1.7. ఏ సర్వర్ ఎక్కడుందో టెర్రాఫార్మ్ 'స్టేట్' ఫైల్‌లో రాసుకుంటుంది, అందులో ఒక్కోసారి పాస్‌వర్డులు కూడా ఉన్నవి ఉన్నట్టే పడుంటాయి. ఆ ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యం యూజర్లు ఏళ్ల తరబడి అడిగారు. ఓపెన్‌టోఫు ఇచ్చింది.

2024 ఏప్రిల్‌లో ఐబీఎం, షేరుకి 35 డాలర్ల చొప్పున, 640 కోట్ల డాలర్లకి హాషికార్ప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. ఐపీఓలో కొన్నవాళ్లకి సగం కూడా రాలేదు (2022లో టెక్ షేర్లన్నీ పడ్డాయి, పాపమంతా లైసెన్స్‌ది కాదు). అంత డబ్బు ఉత్త కోడ్‌కి పెట్టారనుకోను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తే మనిషి కోసం పెద్ద కంపెనీలు కట్టే కాంట్రాక్టులకి పెట్టారు.

అందుకే కొత్త టూల్ ఎంచుకునేటప్పుడు గిట్‌హబ్ స్టార్లకంటే ముందు, లైసెన్స్ మార్చే హక్కు ఎవరి చేతిలో ఉందో చూస్తాను. టెర్రాఫార్మ్‌కి కోడ్ పంపేవాళ్లు ఆ హక్కుని ముందే కంపెనీకి రాసిచ్చేవాళ్లు. కుబర్నెటిస్ ఒక ఫౌండేషన్ కింద ఉంది, అక్కడ ఏ ఒక్క కంపెనీ బోర్డూ ఇలా తిప్పేయలేదు.