నలుబదేండ్లకు దొరికిన కాంచనద్వీపము

చిన్ననాడు చదువవలసిన పుస్తకమొకటి మాకు నలుబదేండ్లు దాటిన పిమ్మట చేత బడినది. అది స్టీవెన్‌సన్ వ్రాసిన ‘ట్రెజర్ ఐలండ్’. శ్రీ నండూరి రామమోహనరావు గారు దానిని ‘కాంచనద్వీపం’ అను పేర తెనిగించిరి. బాల్యమున ఆ పుస్తకము మా యింటికి రాలేదు, మేమును వెదుకలేదు. సముద్రమును భూగోళ పాఠమున తప్ప ఎఱుగని కర్నూలు మెట్టనేలవారికి ఓడల కథతో పనియేమి యనుకొంటిమి కాబోలు.

చదువనారంభించిన తరువాత తెలిసినది, ఆ కథ మనకు దూరమైనది కాదని. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతపు చేలలో జనము తల వంచుకొని నడచుట మీరెఱుగుదురు. వాన మట్టిని కడిగిన చోట వజ్రము మెఱయునని ఆశ. కూలి మానుకొని, సద్దిమూట కట్టుకొని, పిల్లాపాపలతో పొరుగు జిల్లాలనుండియు వత్తురు. ఏ ఒకరికో దొరకును. తక్కినవారు వట్టిచేతులతో మరలుదురు. పాడుపడిన కోటలలో, గుళ్లలో నిధులకై త్రవ్వువారి మాట చెప్పనే యక్కఱలేదు. తీర్పవలసిన అప్పు మెడమీద నున్న యొక యేడు మేమును ఆ చేలలో రెండు దినములు నడచితిమి. దొరకినవి పలుగురాళ్లు.

1881లో, స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున, వానలకు ఇల్లు కదలలేని దినములలో, భార్య తొలి వివాహమున పుట్టిన బాలునితో కూడి స్టీవెన్‌సన్ ఒక దీవి పటమునకు రంగులు వేయుచు కూర్చుండెను. పటము ముందు, కథ వెనుక. అది పిల్లల పత్రికలో భాగములుగా వెలువడి 1883లో పుస్తకమైనది.

ఒంటికాలి జాన్ సిల్వర్, అతని చిలుక, ఆపిల్ పీపాలో దాగిన జిమ్ — పిల్లలకు రుచించునవి ఇవి. మా మనస్సు మాత్రము కథ మొదటనే యొక చోట నిలిచిపోయినది. జిమ్ తల్లి నడపు సత్రములో దిగిన ముసలి నావికుడు బాకీ తీర్పకయే చనిపోవును. దొంగలు వచ్చుచున్నారని తెలిసియు ఆమె అతని పెట్టె తెఱచి, తనకు రావలసిన సొమ్ము లెక్కపెట్టనారంభించును. పలు దేశముల నాణెములు కలిసియుండుటచే లెక్క తెమలదు. కొడుకు తొందరపెట్టును. ఆమె ఒక్క కాసు ఎక్కువ ముట్టదు, ఒక్క కాసు తక్కువకు ఒప్పదు. కొండమీద ఈల వినబడగానే లెక్క ముగియకయే పరుగెత్తవలసివచ్చును. అప్పు ఇచ్చియు, పుచ్చుకొనియు ఎఱిగిన వయస్సున చదువుటచే ఆమె మొండితనము మాకు తెలిసినదిగా తోచినది.

సిల్వరును గూర్చియు ఒక మాట. హంతకుడని తెలిసియు అతడు నోరు విప్పిన వినబుద్ధియగును. వజ్రాల చేల గట్లవెంట తిరిగి, దొరకిన రాతిని చౌకగా కొను దళారులలో అట్టి తీయని నోటివారిని చూచితిమి.

పటము పట్టుకొని, ఒకరి ప్రాణములొకరు తీసికొని, గుర్తించిన తావు చేరుసరికి అక్కడ గొయ్యి మాత్రముండును. దీవిలో మూడేండ్లు ఒంటరిగా బ్రతికిన బెన్ గన్ ఆ ధనమును అంతకుమున్నే తన గుహకు చేరవేసినాడు. గుహనిండ బంగారముండగా అతడు కలలు కనినది జున్నుముక్కను! ఆ పుట చదివి, మా పలుగురాళ్లు జ్ఞప్తికి వచ్చి, చాలసేపు నవ్వితిమి.

ఇప్పుడు పుస్తకము మా యింటి పదేండ్ల పిల్లవాని చేతిలో నున్నది. జిమ్ తల్లిని గూర్చి అడిగితిమి.

“ఆయమ్మ ఊరికే తడవు చేసింది” అని మరల ఆపిల్ పీపాలో దూరినాడు.